కుజుడి మీద బండి ఎందాకా వచ్చింది?

పెళ్లి సంబంధం అనగానే జాతకంలో కుజదోషం ఉందా లేదా అని చూసుకునే మనకు కుజుడు కొత్తవాడేం కాదు. ఆ కుజుడి నేల మీద మనిషి చేసిన బండ్లు తిరగడం మొదలై పాతికేళ్లు దాటిపోయింది. వాటిని తోలుతున్నది ఎవరు? ఎంత దూరం వెళ్లాయి? దారిలో ఎక్కడ కూరుకుపోయాయి? మెదక్ పట్టణంలో నిలబడి లెక్క వేసుకుంటే ఆ ప్రయాణం ఇట్టే అర్థమవుతుంది!

మెదక్ బస్టాండులో నర్సాపూర్ మీదుగా హైదరాబాద్ వెళ్లే బస్సు ఎక్కితే... కొల్చారం వస్తుంది, కౌడిపల్లి వస్తుంది, ఆ తర్వాత నర్సాపూర్. దూరం అటూఇటూగా 45 కిలోమీటర్లు. పల్లీలు తింటూ ఓ కునుకు తీసి లేచేసరికి చేరిపోతాం. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన 'ఆపర్చునిటీ' అనే ఆరు చక్రాల బండి కుజుడి మీద తన జీవితకాలం మొత్తంలో తిరిగిన దూరం కూడా సరిగ్గా అంతే... 45.16 కిలోమీటర్లు. 2004 జనవరిలో దిగి 2018 జూన్ దాకా నడిచింది. అంటే మెదక్ నుంచి నర్సాపూర్ పోవడానికి పద్నాలుగేళ్లు పట్టిందన్నమాట. అయినా నవ్వకండి. 2025 చివరి వరకూ భూమి బయట మరే బండీ అంత దూరం వెళ్లలేదు.

నిదానంగా సాగే ప్రయాణాలు మెదక్‌కి కొత్తేమీ కాదు. కుజుడి మీద మొదటి బండి 'సోజర్నర్' 1997 జులైలోనే చక్రం తిప్పింది. మెదక్ పట్టణానికి రైలు వచ్చింది మాత్రం 2022 సెప్టెంబరులో! అక్కన్నపేట నుంచి మెదక్ దాకా వేసిన ఆ కొత్త లైను పొడవు 17.2 కిలోమీటర్లు. 2012లో దిగిన 'క్యూరియాసిటీ' రోవర్ తొలి ఐదేళ్లలో నడిచిన దూరం 17.1 కిలోమీటర్లు. పట్టాల కోసం దశాబ్దాలు ఎదురుచూసిన ఊరికి, రోజుకి పదుల మీటర్లు జరిగే బండి కథ పరాయిదిగా అనిపించదు.

ఎర్రమట్టి చుట్టరికం

మెదక్ అంటే మెతుకు సీమ. అన్నం మెతుకు మీద ఊరికి పేరు వచ్చిందని ఇక్కడి పెద్దలు చెబుతారు. ఊరి నెత్తిన కొండ మీద కాకతీయుల కాలం నాటి ఖిల్లా. దాన్ని ఎక్కుతుంటే కాళ్ల కింద ఉండేది నల్లరాయి, గుండ్లు గుండ్లుగా పేర్చినట్టున్న గ్రానైటు. చుట్టుపక్కల ఊళ్లలో ఎర్ర చెలకలు. ఆ ఎరుపూ, ఆకాశంలో కుజుడి ఎరుపూ ఒకటే. రెండూ ఇనుము తుప్పు రంగే. మట్టిలో ఇనుము గాలితో, తడితో కలిసి తుప్పు పట్టడం వల్ల వచ్చిన రంగు అది. కాకపోతే కుజుడి నేల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు కాదు, బసాల్టు. లావా గడ్డకట్టి తయారైన రాయి. దాన్ని చూడాలంటే మెదక్ నుంచి పడమరగా జహీరాబాద్ వైపు వెళ్లాలి. పాత మెదక్ జిల్లా పడమటి కొస దక్కన్ లావా పొరల మీదే ఉంది.

ఆపర్చునిటీ అదృష్టం చూడండి. అది దిగడమే దొర్లుకుంటూ వెళ్లి 'ఈగిల్' అనే చిన్న గుంతలో పడింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా పొరలు పొరలుగా రాయి, చుట్టూ నేల మీద వెదజల్లినట్టు చిన్న చిన్న గోళీలు. శాస్త్రవేత్తలు వాటికి 'బ్లూబెర్రీలు' అని ముద్దుపేరు పెట్టారు. మన వాళ్లయితే మిరియాలు అనేవాళ్లేమో! పరీక్షించి చూస్తే అవి హెమటైట్... ఇనుప ఖనిజం. ఒకప్పుడు ఆ రాళ్ల మధ్య నీరు నానితేనే తయారయ్యే రకం. 'కుజుడి మీద నీళ్లుండేవా?' అన్న ప్రశ్నకు నేల మీద దొరికిన గట్టి జవాబుల్లో అదొకటి.

స్టీరింగు లేదు, బ్రేకు లేదు

రోవర్‌ని తోలడం అంటే పిల్లలు రిమోటుతో బొమ్మకారు నడిపినట్టు అనుకుంటాం. కాదు. భూమికీ కుజుడికీ మధ్య దూరం ఒకేలా ఉండదు. దగ్గరగా వచ్చినప్పుడు అయిదున్నర కోట్ల కిలోమీటర్లు, దూరం జరిగితే 40 కోట్ల కిలోమీటర్లు. ఇక్కడి మాట కాంతి వేగంతో వెళ్లినా అక్కడికి చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. జవాబు రావడానికి మళ్లీ అంత. 'ముందు గుంత ఉంది' అని బండి కబురు పంపి, మనం 'ఆగు' అనేలోపు అది గుంతలో పడి చాలాసేపు అయిపోతుంది.

అందుకే డ్రైవర్లు బండిని చూస్తూ నడపరు. నిన్న సాయంత్రం అది పంపిన ఫొటోలు చూసి ఈరోజు దారి రాస్తారు. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో... అందరూ జేపీఎల్ అంటారు... బండికున్న జంట కెమెరాలు తీసిన బొమ్మల్ని కలిపి ఎత్తుపల్లాల పటం చేసుకుంటారు. ఎన్ని మీటర్లు ముందుకు, ఎక్కడ ఎన్ని డిగ్రీలు తిరగాలి, ఏ రాయి పక్కనుంచి పోవాలి, ఏటవాలు ఎంత దాటితే ఆగిపోవాలి... అన్నీ ముందే రాసిపెట్టాలి. కంప్యూటర్లో ఒకటికి నాలుగుసార్లు నడిపి చూశాక, కుజుడి మీద తెల్లవారే వేళకు ఆ ఆదేశాల చీటీని పంపుతారు. ఆ తర్వాత చేయగలిగేది ఏమీ ఉండదు. సాయంత్రం ఆ గ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహం మీదుగా కబురు వస్తే తెలుస్తుంది... బండి చెప్పినచోట ఉందో, దారిలో జారిందో! ఊరెళ్లిన పిల్లాడి ఫోను కోసం ఎదురుచూసే ఇల్లు ఎలా ఉంటుందో రోజూ అక్కడ అలాగే ఉంటుంది.

వేగం సంగతా? 2021లో దిగిన 'పర్సెవరెన్స్' పరిగెత్తితే గంటకి 150 మీటర్లు. మన ఎడ్లబండి దానికంటే ఇరవై రెట్లు వేగంగా పోతుంది. అయితే ఈ బండికి సొంత బుర్ర కూడా కొంత ఉంది. నడుస్తూనే ఫొటోలు తీసుకుని, అడ్డొచ్చిన రాళ్లను తప్పించుకుని పోగలదు. అలా 2025 జూన్ 19న ఒక్కరోజులో 411 మీటర్లు నడిచి రికార్డు కొట్టింది.

ఇక డ్యూటీ వేళలు మరీ చిత్రం. కుజుడి మీద ఒక రోజు అంటే 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. బండి దిగిన తొలినెలల్లో డ్రైవర్లు అక్కడి గడియారం ప్రకారమే బతకాలి. ఈరోజు ఉదయం 8 గంటలకు డ్యూటీ ఎక్కితే రేపు 8.40కి, ఎల్లుండి 9.20కి. రెండు వారాలు గడిచేసరికి పగలు రాత్రవుతుంది. 2004లో 'స్పిరిట్', 'ఆపర్చునిటీ' కుజుడికి చెరోవైపు దిగాయి. ఒకదానికి పగలైతే రెండోదానికి రాత్రి. రోజుకు 39 నిమిషాలు నెమ్మదిగా నడిచేలా కాలిఫోర్నియా గడియారాల పనివాడొకరు ప్రత్యేకంగా చేతి గడియారాలే చేసిచ్చాడు. ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారో వేరే చెప్పాలా!

ఈ పనిలో పేరున్న డ్రైవర్లలో మన దేశంలో పుట్టిన వందీ వర్మ ఒకరు. పంజాబ్‌లోని హల్వారాలో పుట్టిన ఆమె 2008 నుంచి కుజుడి మీద బండ్లు నడుపుతున్నారు. కరోనా కాలంలో, 2020 మార్చిలో జేపీఎల్ మూతపడితే క్యూరియాసిటీ బృందం ఇళ్లలోంచే బండి తోలింది. ఆఫీసులోని ఖరీదైన త్రీడీ కళ్లద్దాలు ఇంటి కంప్యూటర్లకు పనికిరావు. దాంతో పిల్లల బొమ్మల పుస్తకాలతో వచ్చే ఎరుపు, నీలం అద్దాలు పెట్టుకుని రాళ్ల ఎత్తు చూసుకున్నారు. కోట్ల కిలోమీటర్ల అవతలి బండి వంటింటి పక్క బల్ల మీంచి కదిలింది.

చక్రం కింద రాయి పెట్టేవాళ్లేరీ?

బండి బురదలో దిగబడితే ఏం చేయాలో మెదక్ రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. చక్రం కింద రాయో కట్టెపేడో వేసి, నలుగురూ భుజం పట్టి నెట్టడమే. కుజుడి మీద రాళ్లకు కొదవలేదు. వేసే చేతులే లేవు.

2005 ఏప్రిల్‌లో ఆపర్చునిటీ చదునైన మైదానంలో హాయిగా పోతూ పోతూ ఇసుక తిన్నెలో దిగబడింది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, బండి మాత్రం జరగడం లేదు. చక్రాలు ఇరుసు దాకా మునిగాయి. జేపీఎల్‌లో ఇసుక, మట్టి పొడులు కలిపి అచ్చం అలాంటి నేల తయారుచేసి, అందులో ఇంకో బండిని కావాలనే ముంచి, ఎలా తిప్పితే బయటపడుతుందో నేర్చుకున్నారు. ఆ తర్వాత అక్కడ రోజుకు ఇన్ని సెంటీమీటర్లని జరిపారు. ఐదు వారాలకు జూన్ 4న అది ఒడ్డునపడింది. ఆ తిన్నెకు డ్రైవర్లు 'పర్గెటరీ' అని పేరుపెట్టారు. స్వర్గానికి ముందు పాపాలు కడుక్కునే చోటు అని!

కవల స్పిరిట్‌కి ఆ అదృష్టం లేదు. 2006లోనే దాని ముందు కుడి చక్రం పనిచేయడం మానేసింది. అప్పటినుంచి డ్రైవర్లు దాన్ని వెనక్కి నడుపుతూ, తిరగని చక్రాన్ని నాగలిలా ఈడ్పిస్తూ తీసుకెళ్లారు. ఆ నాగలి చాలుకే 2007లో మట్టి కింద తెల్లటి పొర బయటపడింది. అది సిలికా. వేడినీటి ఊటలున్న చోట పేరుకునే పదార్థం. చక్రం బాగుండి ఉంటే ఆ చాలూ పడేది కాదు, ఆ ఊట జాడా తెలిసేది కాదు. అలా కుంటుతూ పోతున్న స్పిరిట్ 2009 మేలో 'ట్రాయ్' అనే చోట మెత్తటి నేలలో కూరుకుపోయింది. నెలల తరబడి ప్రయత్నించారు. చలికాలం వచ్చేసింది. సోలార్ పలకలు సూర్యుడి వైపు వాలేలా ఒరిగితే బతికేది, ఒరగలేకపోయింది. 2010 మార్చి 22 తర్వాత మాట లేదు. ఏడాదికి పైగా పిలిచి పిలిచి 2011 మేలో ఆపేశారు. అప్పటికది నడిచింది 7.7 కిలోమీటర్లు. మెదక్ నుంచి ఏడుపాయల జాతరకు నడిచిపోయేవాళ్లకు దాదాపు సగం దారి.

అద్దాల మీద వెలుగు

మెదక్ చర్చి చూసినవాళ్లకు దాని కిటికీలు గుర్తుంటాయి. 1914లో పని మొదలై, 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన ఈ చర్చిని ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మతగురువు కట్టించారు. కరవు రోజుల్లో ఈ పనే ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు. క్రీస్తు పుట్టుక, శిలువ, ఆరోహణం. బయట ఎండ ఉన్నంతసేపే ఆ బొమ్మలు లోపల వెలుగుతాయి. పొద్దుగూకితే అవే అద్దాలు నల్ల పలకలు.

ఆపర్చునిటీ బతుకూ అంతే. వీపు మీద సోలార్ పలకలు. ఎండ ఉంటే తిండి, లేకపోతే పస్తు. 90 రోజులు పనిచేస్తే చాలనుకుని పంపిన బండి అది. పలకల మీద దుమ్ము పేరుకుని చచ్చిపోతుందని లెక్క. చిత్రంగా కుజుడి మీది గాలే అప్పుడప్పుడు వచ్చి ఆ దుమ్ము ఊడ్చిపెట్టింది. అలా పద్నాలుగేళ్లు గడిచాయి. 2018 జూన్‌లో మాత్రం గాలి ఊడ్చలేదు, కప్పేసింది. దుమ్ము తుపాను గ్రహమంతా కమ్మింది. మిట్టమధ్యాహ్నం చీకటి. జూన్ 10న చివరి కబురు. 'బ్యాటరీ అయిపోతోంది, చీకటి పడుతోంది' అని రోవర్ చివరిమాటగా చాలాచోట్ల రాశారు. నిజానికి బండి అలా మాట్లాడలేదు. అది పంపింది కరెంటు ఎంత ఉంది, ఆకాశం ఎంత మసకగా ఉంది అన్న అంకెలే. వాటిని ఒక విలేకరి మనుషుల మాటల్లోకి మారిస్తే ప్రపంచం కన్నీళ్లు పెట్టుకుంది. అంకెల్ని చదవడం వచ్చినవాళ్లకు ఆ అంకెలే చాలు.

వెయ్యికి పైగా ఆదేశాలు పంపారు. జవాబు లేదు. 2019 ఫిబ్రవరిలో ఆఖరిసారి పిలిచిన రాత్రి జేపీఎల్ గదిలో బిల్లీ హాలిడే పాడిన పాత పాట వినిపించి వీడ్కోలు పలికారు. ఆ బృందంలో అబిగేల్ ఫ్రేమన్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. 2004లో ఆపర్చునిటీ దిగిన రాత్రి ఆమె హైస్కూలు విద్యార్థిని. ఒక పోటీలో ఎంపికై ఆ గదిలో కూర్చుని మొదటి ఫొటోలు చూసింది. పెద్దయ్యాక అదే బండికి డిప్యూటీ ప్రాజెక్ట్ సైంటిస్ట్ అయింది.

మనవాళ్ల పాలు

కుజుడి వైపు మన దేశం వేసిన తొలి అడుగు తెలుగునేల మీంచే పడింది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి మంగళయాన్ బయల్దేరింది. 2014 సెప్టెంబరు 24న తొలి ప్రయత్నంలోనే కుజుడి కక్ష్యలోకి చేరింది. నేల మీద దిగే బండి కాదది, చుట్టూ తిరిగే ఉపగ్రహం. 2022లో దాని పని ముగిసింది.

పర్సెవరెన్స్ వెంట వెళ్లిన బుల్లి హెలికాప్టర్ 'ఇంజెన్యుటీ' చీఫ్ ఇంజినీర్ జె.బాబ్ బలరాం చదువుకున్నది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూల్లో. తర్వాత మద్రాస్ ఐఐటీ. చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లొకరు అమెరికా కాన్సులేట్‌కి ఉత్తరం రాస్తే, అంతరిక్షం గురించిన కాగితాల కట్ట ఒకటి కవర్లో వచ్చిందట. ఆ కట్టతో మొదలైన మోజు 2021 ఏప్రిల్ 19న కుజుడి గాలిలో 39 సెకన్లు ఎగిరింది. ఆ గాలి మన గాలిలో నూరో వంతు చిక్కన. ఐదుసార్లు ఎగిరితే గొప్పనుకున్న హెలికాప్టర్ 72 సార్లు ఎగిరి 2024 జనవరిలో ఆగింది. దానికి ఇంజెన్యుటీ అని పేరు సూచించిందీ భారతీయ మూలాలున్న స్కూలు పిల్లే... వనీజా రూపానీ.

మనం సొంతంగా తోలిన బండి 'ప్రజ్ఞాన్'. అది తిరిగింది కుజుడి మీద కాదు, చంద్రుడి మీద. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6.04కి విక్రమ్ దిగితే దేశమంతా టీవీల ముందే ఉంది. సెకనుకి ఒక సెంటీమీటరు వేగం. బెంగళూరు నుంచి ఇస్రో ఇంజినీర్లు దారి రాసి పంపేవారు. చంద్రుడికి మాట చేరడానికి సెకను పైచిలుకే అయినా, ముందున్న నేల పటం చేసుకుని దారి గీయడానికి గంటలు పట్టేది. ఆగస్టు 27న ప్రజ్ఞాన్‌కి మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల గుంత కనిపించింది. 'వచ్చిన దారినే వెనక్కి' అన్నారు. వెళ్లింది. సెప్టెంబరు 2 నాటికి వంద మీటర్లు దాటి నిద్రపోయింది. తెల్లారాక లేపితే లేవలేదు. మనవాళ్ల అనుభవం వంద మీటర్లే కావచ్చు, కానీ గుంత ముందు ఆపి వెనక్కి తిప్పిన ఆ ఒక్క రోజులో డ్రైవింగు సారం మొత్తం ఉంది.

అన్నట్టు, మనిషి లేకుండా నడిచే బండికీ మెదక్ పేరుకీ చుట్టరికం ఉంది. మెదక్ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ ఉన్నది మెదక్ పట్టణంలో కాదు, ఇప్పటి సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో. అక్కడ తయారయ్యే బీఎంపీ-2 వాహనాన్నే ఆధారం చేసుకుని రక్షణశాఖ పరిశోధకులు దూరం నుంచి నడిపే 'ముంత్రా'ను రూపొందించారు. పని వేరైనా, లోపల మనిషి లేని బండిని దూరం నుంచి నమ్మి నడపడంలో ఉండే తంటా రెండింటికీ ఉన్నదే.

అక్కడా ఓ తెలుగు ఊరు

పర్సెవరెన్స్ దిగిన చోటు పేరు జెజెరో. అదో 45 కిలోమీటర్ల గుంత, ఒకప్పుడు సరస్సు. బోస్నియాలోని ఓ చిన్న ఊరి పేరది. కుజుడి మీద చిన్న గుంతలకు, జనాభా లక్షలోపు ఉన్న ఊళ్ల పేర్లు పెట్టాలని అంతర్జాతీయ ఖగోళ సంఘం నియమం. అలా మన అనంతపురం వైపు రాయదుర్గం పేరుతో అక్కడో గుంత ఉంది! 2024లో ఉత్తరప్రదేశ్‌లోని ముర్సాన్, బిహార్‌లోని హిల్సా కూడా చేరాయి. 2011 లెక్కల ప్రకారం మెదక్ పట్టణ జనాభా 44 వేల పైచిలుకు. అర్హతకేం తక్కువ లేదు.

ఇదంతా చూడాలంటే జేపీఎల్‌కి వెళ్లక్కర్లేదు. రోవర్లు పంపే ఫొటోల్ని నాసా దిద్దకుండా, దాచకుండా ఇంటర్నెట్లో పెట్టేస్తుంది. శాస్త్రవేత్తలు చూసే బొమ్మనే దాదాపు అదే వేళకు మెదక్‌లో తొమ్మిదో తరగతి పిల్ల కూడా ఫోనులో చూడొచ్చు. చక్రం పక్కన నీడ, వెనక రెండు చాళ్లలా బండి జాడ, దూరంగా గుంత అంచు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏ రాయి వెనక్కి పోయిందో పోల్చి చూస్తే బండి ఎంత కదిలిందో ఇంట్లో కూర్చునే చెప్పేయొచ్చు. సెలవురోజు పిల్లలతో ఒకసారి ప్రయత్నించండి. 2014 జనవరి 31న క్యూరియాసిటీ తీసిన ఒక ఫొటో అయితే తప్పక చూపించాలి. పొద్దుగూకాక కుజుడి ఆకాశంలో ఓ చుక్క, పక్కనే ఇంకో చిన్న చుక్క. పెద్దది భూమి, చిన్నది చంద్రుడు.

పర్సెవరెన్స్ 2025 డిసెంబరు నాటికి దాదాపు 40 కిలోమీటర్లు నడిచింది. మెదక్ లెక్కలో చెప్పాలంటే కౌడిపల్లి దాటింది, నర్సాపూర్ ఇంకా రాలేదు.